డెస్క్‌టాప్ మీదే పెట్టానమ్మా!

"అమ్మాయ్, డెస్క్‌టాప్ మీద మాస్టారి పుస్తకం ఫైలు ఉండాలి, కనపడట్లేదేంటి?"

నాన్న ఈ మాట అడిగేటప్పటికి సాయంత్రం ఆరున్నర. పాత హార్డ్‌డిస్క్‌లో సి డ్రైవ్‌ని నేను ఫార్మాట్ కొట్టి అప్పటికి మూడు రోజులైంది.

ఇది 2020 ఆగస్టు నాటి సంగతి. నేను వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో హైదరాబాద్ నుంచి తెనాలి వచ్చేసి ఇంట్లోనే ఉన్నాను. నాన్నకి డీటీపీ సెంటర్ ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, అప్పుడప్పుడు ఊళ్లో ఎవరైనా అచ్చు వేయించుకునే చిన్న పుస్తకాలు... ఇదీ ఆయన పని. ఆ ఏడాది శ్రావణమాసం మామూలుగా అయితే ఊపిరాడని సీజన్. కానీ యాభై మందితో జరిగే పెళ్లికి కార్డులెవరు కొట్టిస్తారు? అందరూ ఒక ఫొటో తయారు చేయించుకుని వాట్సాప్‌లో పంపేస్తున్నారు. అద్దె మీద పడుతుంటే నాన్న షాపు ఖాళీ చేశాడు. షట్టర్ కిందకి లాగి, కంప్యూటర్‌ని ఆటోలో ఇంటికి తెచ్చాడు.

తమ్ముడు అప్పుడు బీటెక్ రెండో ఏడాది. ఫోన్‌లో క్లాసులు వినీ వినీ కళ్లు మండుతున్నాయని రోజూ గోల. "ఇదుగో కంప్యూటర్ వచ్చిందిగా" అంది అమ్మ. వచ్చింది సరే, అది 2010లో కొన్నది. బటన్ నొక్కి, టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వస్తే అప్పటికి తెరుచుకునేది. పైగా విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది జనవరి 14తోనే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది.

ఇంట్లో కంప్యూటర్ తెలిసింది నేనే కాబట్టి రంగంలోకి దిగాను. రెండున్నర వేలు పెట్టి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ తెప్పించాను. ప్లాన్ సింపుల్. కొత్త ఎస్‌ఎస్‌డీలో విండోస్ 10 వేస్తాను. పదేళ్లుగా కంప్యూటర్‌ని లేపుతున్న పాత 500 జీబీ హార్డ్‌డిస్క్‌కి ఆ డ్యూటీ నుంచి రిటైర్‌మెంట్ ఇచ్చి, తమ్ముడి సినిమాలకీ వీడియోలకీ స్టోరేజ్‌గా మారుస్తాను. పైసా ఖర్చు లేకుండా అంత జాగా!

కేబినెట్ తలుపు తీస్తే పదేళ్ల దుమ్ము. తుడిచి, ఖాళీగా ఉన్న సాటా పోర్టుకి కేబుల్ పెట్టి, ఎస్‌ఎస్‌డీని బిగించడానికి చోటు లేక డబుల్ టేపుతో లోపల అంటించాను. పెన్‌డ్రైవ్‌తో విండోస్ 10 వేశాను. ముప్పావుగంటలో అయిపోయింది. తమ్ముడు చప్పట్లు కొట్టాడు.

నాన్న మాత్రం స్క్రీన్ మీద లెక్కలు చూస్తున్నాడు. "500 జీబీ అన్నారు కదా, 465 చూపిస్తోందే? మిగతాది ఎవరు తిన్నారు? రీముకి 500 షీట్లు అని చెప్పి 465 ఇస్తే ఊరుకుంటామా?" అన్నాడు. ఎవరూ తినలేదు. డిస్క్ తయారుచేసేవాళ్లు జీబీ అంటే వంద కోట్ల బైట్లని లెక్కేస్తారు. విండోస్ మాత్రం 1024 చొప్పున మూడుసార్లు భాగించి చూపిస్తుంది. షీట్లు అన్నీ ఉన్నాయి, లెక్కపెట్టే పద్ధతే వేరు. చెబితే నాన్న ఒప్పుకున్నాడు గానీ, నమ్మలేదు.

ఇక పాత డిస్క్ సంగతి. అందులో మూడు భాగాలున్నాయి. పాత విండోస్ ఉన్న సి, నాన్న డిజైన్లుండే డి, పాటలూ ఫొటోలూ ఉండే ఇ. కొత్త విండోస్‌కి తనే సి కాబట్టి, పాత సి కాస్తా ఎఫ్ అయి కూర్చుంది.

"నాన్నా, పాత సి లో నీవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగాను. నిజంగా అడిగాను.

"సి లో ఏముంటుందమ్మా, విండోసే. కంప్యూటర్ అమర్చినతను ఆ రోజే చెప్పాడు, సి లో ఏమీ పెట్టకండి, విండోస్ పాడైతే అన్నీ పోతాయని. నా పనంతా డి లోనే" అన్నాడు.

అయినా ఒకసారి చూద్దామని ఎఫ్ తెరిచాను. యూజర్స్ అనే ఫోల్డర్, అందులో నాన్న పేరు. దాని మీద నొక్కితే, దీన్ని తెరిచే అనుమతి మీకు లేదు అని ఇంగ్లిష్‌లో మెసేజ్ వచ్చింది. కింద కంటిన్యూ అనే బటన్ కూడా ఉంది. నేను నొక్కలేదు. ఏవో సిస్టమ్ ఫైళ్లు అయుంటాయిలే అనుకుని మూసేశాను. తాళం వేసి ఉన్న గదిని చూసి, లోపల ఏమీ లేదు కాబోలు అనుకునేవాళ్లు ఎవరైనా ఉంటారా? నేనున్నాను.

ఎఫ్ మీద రైట్ క్లిక్. ఫార్మాట్. క్విక్ ఫార్మాట్ అనే గడిలో టిక్ ముందే ఉంది. పది సెకన్లు కూడా పట్టలేదు. వంద జీబీ ఖాళీ.

దాని పక్కనే 100 ఎంబీ ముక్క ఒకటి, సిస్టమ్ రిజర్వ్‌డ్ అని కనిపించింది. దాన్నీ తీసేద్దామంటే డిస్క్ మేనేజ్‌మెంట్ ఒప్పుకోలేదు. విసుక్కుని వదిలేశాను. ఎందుకు ఒప్పుకోలేదో తర్వాత తెలిసింది. నేను విండోస్ 10 వేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకలేదు. దాంతో కొత్త విండోస్ తన బూట్ ఫైళ్లని ఎస్‌ఎస్‌డీలో కాకుండా, ముందే ఉన్న ఆ చిన్న ముక్కలోనే పెట్టుకుంది. ఇల్లు కొత్తదే, తాళంచెవి మాత్రం పాత ఇంట్లో ఉండిపోయింది. ఆ ముక్క తీసేసి ఉంటే మర్నాడు కంప్యూటర్ లేచేదే కాదు. అంటే, పోయినా మళ్లీ వేసుకోగలిగే దాన్ని కంప్యూటర్ కాపాడింది. పోతే మళ్లీ రాని దాన్ని మాత్రం నా చేత్తోనే తీయించింది.

*

నాన్న అడిగిన ఫైలు ఏంటంటే, మాస్టారి శతకం.

మాస్టారు మా ఊరి హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. నాన్నకీ ఆయనే చెప్పారు. అప్పటికి వయసు ఎనభై దాటింది. నలభై ఏళ్లపాటు అప్పుడొకటి, ఇప్పుడొకటి రాసుకున్న పద్యాలు 108. వాటిని నోటుపుస్తకంలో దాచుకుంటే, పుస్తకానికి చెదలు పట్టింది. ఉన్నవి కూడా పోతాయన్న భయంతో నాన్న దగ్గరికి తెచ్చి, "ఇవి కంప్యూటర్‌లోకి ఎక్కించు, అందులో చెదలు పట్టవుగా" అన్నారట. నాన్న పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిచ్చాడు. రెండేళ్లపాటు ప్రూఫులు అటూ ఇటూ తిరిగాయి. మాస్టారు అరసున్న తప్పిపోయినా ఒప్పుకునే మనిషి కాదు. ఫైనల్, ఫైనల్ 2, అసలు ఫైనల్... అలా వెళ్తోంది వ్యవహారం. అచ్చుకి ఇద్దామనుకునేలోపు లాక్‌డౌన్.

"డి లో ఉంటుంది చూడు నాన్నా" అన్నాను.

"డి లో అయిపోయినవి పెడతానమ్మా. ఇది ఇంకా నడుస్తోంది కదా, డెస్క్‌టాప్ మీదే పెట్టాను."

నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది.

నాన్న షాపులో ఒక బల్ల, ఒక బీరువా ఉండేవి. నడుస్తున్న పనుల కాగితాలు బల్ల మీద. అయిపోయినవి బీరువాలోకి. కంప్యూటర్‌లోనూ ఆయన అదే పద్ధతి పెట్టుకున్నాడు. డి డ్రైవ్ బీరువా. డెస్క్‌టాప్ బల్ల. బల్ల బీరువాలో ఉండదు కదా! డెస్క్‌టాప్ అంటే కళ్లెదురుగా కనిపించే చోటు అని ఆయన లెక్క. అది సి డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్‌లో, మన పేరున్న ఫోల్డర్‌లో ఇంకో ఫోల్డర్ అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు. తెలిసీ, ఆయన "సి లో ఏమీ లేవు" అన్నప్పుడు "మరి డెస్క్‌టాప్ మీద?" అని అడగలేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం చేస్తూ, యూజర్ చెప్పిన మాటకీ యూజర్ చేసే పనికీ తేడా ఉంటుందని రోజూ రిపోర్టులు రాసే మనిషిని నేను.

విషయం చెప్పాను. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. కాసేపు స్క్రీన్ వైపే చూసి, "మాస్టారికి ఏం చెప్పాలమ్మా?" అన్నాడు.

చెదలు కొన్నేళ్లపాటు కష్టపడి చేసిన పని నేను పది సెకన్లలో చేశాను.

*

ముందు తమ్ముణ్ని లేపి, ఆ డ్రైవ్ మీద ఇంకేమీ రాయకుండా చేశాను. అప్పటికే వాడు ఫ్రెండ్ దగ్గర్నుంచి తెచ్చిన సినిమాలు నలభై జీబీ అందులో పోశాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. క్విక్ ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక చింపేయడం లాంటిది. పేజీలు అలాగే ఉంటాయి, ఏది ఎక్కడుందో చెప్పే కాగితమే ఉండదు. కొత్తగా ఏదైనా రాస్తే ఆ పేజీల మీదే రాస్తుంది, అప్పుడు మాత్రం పాతది పోయినట్టే. అదే ఆ టిక్ తీసేసి ఫుల్ ఫార్మాట్ కొట్టి ఉంటే, విండోస్ ప్రతి పేజీనీ సున్నాలతో నింపేసేది. అది గంటలు పడుతుందని బద్ధకించి టిక్ ఉంచాను. ఆ రోజు నేను చేసిన పనుల్లో మంచిది అదొక్కటే, అదీ బద్ధకం వల్ల.

ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకున్నాను. దొరికిన ఫైళ్లు ఆ డ్రైవ్‌లోకే కాకుండా ఎస్‌ఎస్‌డీలోకి వచ్చేలా పెట్టాను. మూడు గంటలు నడిచింది. వేల ఫైళ్లు వచ్చాయి, కానీ పేర్లు లేకుండా. అన్నీ అంకెలే. ఏది ఏదో తెలియాలంటే ఒక్కొక్కటీ తెరిచి చూడాల్సిందే.

రాత్రి భోజనాలయ్యాక నాన్న, నేను కూర్చున్నాం. నేను ఒక్కో పీడీఎఫ్ తెరవడం, నాన్న చూసి చెప్పడం. "ఇది కొల్లిపర వాళ్ల పెళ్లి... ఇది గృహప్రవేశం, తేదీ తప్పు పడితే మళ్లీ వేసిచ్చాను... ఇది ఆ పిల్లాడి ఓణీల ఫంక్షన్... కాదు కాదు, వాళ్లక్కది." డెస్క్‌టాప్ మీద పెట్టి, బీరువాలో సర్దడం మర్చిపోయిన ఊరంతా అలా కళ్ల ముందు నడిచి వెళ్లింది. సగం తెరుచుకున్నవి, సగం చెడిపోయినవి. పేజ్‌మేకర్ ఫైలు మాత్రం ఒక్కటీ సరిగ్గా తెరుచుకోలేదు.

రెండింటికి దొరికింది. మాస్టారికి చూపించడానికి 2019లో తీసిన ప్రూఫు పీడీఎఫ్. నాన్న గబగబా లెక్కపెట్టాడు. 96 పద్యాలు. ఆ తర్వాత చేర్చిన 12 అందులో లేవు. కరెక్షన్లూ లేవు.

ఉన్నవాటినైనా కాపీ చేసి కొత్త ఫైల్లో పెడదామంటే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు, కొమ్మలు, రెమ్మలు పడ్డాయి. అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టుకుని నడుస్తాయి. చూడ్డానికి తెలుగే, లోపల తెలుగు కాదు. పైగా ఆ ఫాంట్లు కూడా పాత సి లోనే, విండోస్ ఫోల్డర్‌లో ఉండి పోయాయి. అదృష్టం, వాటి సీడీ నాన్న బీరువాలో దొరికింది. 96 పద్యాలూ నాన్న మళ్లీ మొదటినుంచి కొట్టాల్సిందే.

మర్నాడు మాస్టారికి ఫోన్ నేనే చేశాను. తప్పు నాది కాబట్టి నేనే చెబుతానన్నాను. అంతా విన్నారు. కాసేపాగి, "పన్నెండేగా? నోటికి వచ్చు తల్లీ, రాసుకో" అన్నారు.

స్పీకర్ పెట్టాం. ఆయన చెబుతుంటే నాన్న టకటకా కొడుతున్నాడు. చిన్నప్పుడు క్లాసులో డిక్టేషన్ రాసినట్టే ఉందని నాన్న మొహంలో ఒక రకమైన వెలుగు. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది వరకు వచ్చాయి. తర్వాత మాస్టారు ఆగిపోయారు. "ఇంకోటి ఉండాలి... మీ పిన్నిగారి మీద రాసింది. ఆవిడ పోయిన ఏడాది రాశాను. మూడో పాదం గుర్తుంది, మిగతావి రావడం లేదమ్మా" అన్నారు.

రేపు గుర్తొస్తుందేమో చూద్దామన్నాం. వారంపాటు రోజూ ఫోన్ చేశాను. రాలేదు. ఎనిమిదో రోజు ఆయనే, "పోనీలే, మూడు పద్యాలేగా. కొత్తవి రాసిస్తాను" అన్నారు. రాసిచ్చారు కూడా. 2021లో పుస్తకం అచ్చయింది. లెక్కకి 108 ఉన్నాయి. చదివినవాళ్లకి ఏ తేడా తెలియదు. నాకూ, నాన్నకూ, మాస్టారికీ తెలుసు. పిన్నిగారి మీద అందులో పద్యం లేదు.

*

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10 మామూలు సపోర్టు కూడా అయిపోయింది. మీలో చాలామంది ఈపాటికి కంప్యూటర్ మార్చి ఉంటారు, లేదా మార్చే ఆలోచనలో ఉంటారు. పాత డ్రైవ్‌ని స్టోరేజ్‌గా వాడుకోవడం మంచి పనే. చిన్న ఎన్‌క్లోజర్ కొని అందులో పెడితే పెద్ద పెన్‌డ్రైవ్‌లా పనిచేస్తుంది. కాకపోతే ఫార్మాట్ అనే మాట మీద వేలు పెట్టేముందు నేను చేయని పనులు మీరు చేయండి.

కొత్త డ్రైవ్‌లో విండోస్ వేసేటప్పుడు పాతదాని కేబుల్ పీకేయండి. కొత్తది తన కాళ్ల మీద తను లేస్తోందని రెండు మూడుసార్లు చూసుకున్నాకే పాతది తగిలించండి. తగిలించాక యూజర్స్ ఫోల్డర్ తెరవండి. అనుమతి లేదంటే కంటిన్యూ నొక్కి లోపలికి వెళ్లండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్... అన్నీ ఉండేది అక్కడే. ఇంట్లో ఇంకో లాగిన్ వాడినవాళ్లుంటే వాళ్ల ఫోల్డరూ చూడండి. ప్రత్యేకమైన ఫాంట్లు వాడితే అవీ తీసుకోండి. యూజర్స్ ఫోల్డర్ మొత్తం వేరే చోటికి కాపీ చేసి, ఒక నెల ఆగండి. అవసరమైన ఫైలు గుర్తుకొచ్చేది సరిగ్గా అది పోయాకే.

నాది పాత హార్డ్‌డిస్క్ కాబట్టి 96 పద్యాలైనా దక్కాయి. అదే ఎస్‌ఎస్‌డీ అయితే, ఫార్మాట్ కొట్టగానే ట్రిమ్ అనే ఏర్పాటు ఆ జాగా అంతా ఖాళీ అయిందని డ్రైవ్‌కి చెప్పేస్తుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ పెట్టి వెతికినా దాదాపు ఏమీ రాదు. ఇంకో మాట. ఇప్పటి లాప్‌టాప్‌లు చాలావాటిలో డ్రైవ్ బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటుంది. దాన్ని తీసి ఇంకో కంప్యూటర్‌కి పెడితే రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో లాప్‌టాప్ బాగున్నప్పుడే చూసుకోండి.

చివరిది, అసలుది. పాత డ్రైవ్ గోడౌన్ మాత్రమే, లాకర్ కాదు. మా హార్డ్‌డిస్క్ ఆరోగ్యం క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టి చూస్తే బాగానే ఉందని చెప్పింది గానీ, అప్పటికే అది 27 వేల గంటలు తిరిగింది. సినిమాలు, గేములు, మళ్లీ దించుకోగలిగేవి అందులో పోయండి. ఒకే ఒక్క కాపీ ఉన్నది మాత్రం అందులో పెట్టకండి. అసలు ఒక్క కాపీ ఉన్నదంటే, అది సగం పోయినట్టే లెక్క. మాస్టారి శతకం ఇప్పుడు నాన్న కంప్యూటర్‌లో, నా డ్రైవ్‌లో, క్లౌడ్‌లో, నాలుగు వందల అచ్చు పుస్తకాల్లో ఉంది. ఆ మూడు పద్యాలే ఎక్కడా లేవు.

మొన్న తమ్ముడు కొత్త లాప్‌టాప్ కొన్నాడు. పాతదాంట్లోని ఎస్‌ఎస్‌డీ తీసి ఎన్‌క్లోజర్‌లో పెట్టి, వీడియో కాల్‌లో అడిగాడు. "అక్కా, ఇందులో ఏం లేదు, ఫార్మాట్ కొట్టేయనా?"

నేను నోరు తెరిచేలోపే పక్క గదిలోంచి నాన్న గొంతు వినిపించింది.

"ముందు బల్ల మీద చూశావేంట్రా?"